పేజీని కదపకుండా అక్షరాలకు రంగు: బ్రౌజర్‌లో కస్టమ్ హైలైట్ పద్ధతి

పేజీలో ఒక మాట వెతకాలి, అది కనిపించిన చోటల్లా రంగు వేయాలి. వినడానికి పది నిమిషాల పని. చాలా ఏళ్లు మనమంతా దీన్ని ఒకే దారిలో చేశాం. ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్, అంటే ట్యాగులతో సహా ఎలిమెంట్ లోపలి పాఠం, చేతిలోకి తీసుకోవడం, మాట దొరికిన చోట మార్క్ ట్యాగ్ చుట్టడం, మొత్తం తిరిగి పేజీలో పెట్టేయడం.

నేనూ ఒక డాక్యుమెంటేషన్ సైట్‌కు అలాగే సెర్చ్ రాశాను. రంగులు చక్కగా వచ్చాయి. మర్నాడే ఫిర్యాదు వచ్చింది: ఒకసారి వెతికాక పేజీలోని కాపీ బటన్లు ఒక్కటీ పనిచేయడం లేదు. కారణం సూటిగానే ఉంది. ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్ తిరగరాస్తే పాత ఎలిమెంట్లు పోయి కొత్తవి పుడతాయి, పాతవాటికి తగిలించిన, క్లిక్ లాంటివి వినే ఈవెంట్ లిజనర్లు వాటితోనే పోతాయి. పైగా ఎవరో 'క్లాస్' అనే మాట వెతికితే అది ట్యాగుల లోపలి యాట్రిబ్యూట్లలోనూ దొరికి, అక్కడా మార్క్ చొరబడి, పేజీ రూపమే చెడిపోయింది.

తర్వాత కొంచెం జాగ్రత్తపడి, టెక్స్ట్ నోడ్లను, అంటే ట్యాగుల మధ్య ఉండే ఒట్టి పాఠపు ముక్కలను మాత్రమే చీల్చి మార్క్ చుట్టాను. అందులోనూ చిక్కులున్నాయి. రేంజ్‌కు (పేజీలో ఒక చోటి నుంచి ఇంకో చోటి దాకా గుర్తించే ఆబ్జెక్ట్‌కు) ఉండే సరౌండ్‌కంటెంట్స్ అనే మెథడ్, మాటలో సగం బోల్డ్ ట్యాగ్ లోపల, సగం బయట ఉంటే ఇన్వాలిడ్‌స్టేట్‌ఎర్రర్ విసురుతుంది. రంగు తీసేశాక చీలిన నోడ్లను నార్మలైజ్ చేసి కలపాలి. రియాక్ట్ లాంటి ఫ్రేమ్‌వర్క్ నడిపే పేజీలో దానికి తెలియకుండా ట్యాగులు పెడితే, తర్వాతి రెండర్‌లో అది తన లెక్క తప్పి కూలబడుతుంది.

ఈ కష్టాలన్నిటికీ మూలం ఒకటే. రంగు అనేది కంటికి సంబంధించిన విషయం. దానికోసం మనం ట్యాగులన్నీ అమరి ఉండే డాక్యుమెంట్ చెట్టునే, అంటే డామ్‌నే, నరికి అతుకుతున్నాం. బ్రౌజర్ ఇచ్చే కస్టమ్ హైలైట్ ఏపీఐ (మన కోడ్ పిలుచుకునే సదుపాయం) ఈ రెంటినీ విడదీసింది. చెట్టు చెట్టులాగే ఉంటుంది, 'ఇక్కడి నుంచి ఇక్కడి దాకా ఈ రంగు' అని బ్రౌజర్‌కు చెబితే అది పైపైన వేస్తుంది. రంగు వేయడం నాలుగు వరుసల పని అయిపోయింది. ఎక్కడ వేయాలో కచ్చితంగా కనుక్కోవడమే అసలు పని, అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దానికే పోతుంది.

ఒక మాట: కోడ్‌లోని పేర్లన్నీ ఇక్కడ తెలుగు లిపిలోనే ఇస్తున్నాను. ఎడిటర్‌లో వాటిని మామూలు ఇంగ్లీషు స్పెల్లింగుతో రాసుకోండి.

1. ముందు బ్రౌజర్‌ను అడగండి

క్రోమ్, ఎడ్జ్ 2022లో 105వ వెర్షన్‌తో దీన్ని తెచ్చాయి. సఫారీ 2023 డిసెంబరులో 17.2తో, ఫైర్‌ఫాక్స్ 2025 జూన్‌లో 140తో కలిశాయి. కాబట్టి ఇప్పుడు ప్రధాన బ్రౌజర్లన్నిటిలో ఉంది, కానీ పాత ఫోన్లూ పాత కంప్యూటర్లూ వాడేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. సీఎస్‌ఎస్ అనే గ్లోబల్ ఆబ్జెక్ట్‌లో హైలైట్స్ అనే ప్రాపర్టీ ఉందా, హైలైట్ అనే క్లాస్ ఉందా, ఈ రెండూ చూసి ముందుకెళ్లండి. లేకపోతే రంగు లేకుండానే ఫలితాల సంఖ్య చూపించి, ఒక్కో ఫలితం దగ్గరకు స్క్రోల్ చేయండి. పాత బ్రౌజర్ల కోసం మార్క్ ట్యాగ్ పద్ధతిని కూడా పక్కన ఉంచుకోవడం నాకు ఇష్టం ఉండదు. ఒకే పనికి రెండు దారులుంటే బగ్గులు కూడా రెండింతలవుతాయి.

2. చేత్తో ఒక రేంజ్ కట్టి చూడండి

సెర్చ్ జోలికి వెళ్లకముందు ఒక్క మాటకు రంగు వేసి చూస్తే మొత్తం యంత్రాంగం అర్థమవుతుంది. ఒక పేరా తీసుకోండి: 'నదిలో నీళ్లు నిండుగా ఉన్నాయి'. ఇందులో 'నీళ్లు' అనే మాటకు రంగు వేద్దాం.

మొదట పేరా ఎలిమెంట్‌ను పట్టుకుని, దాని ఫస్ట్‌చైల్డ్ తీసుకోండి. అదే టెక్స్ట్ నోడ్. చాలామంది తడబడేది ఇక్కడే. రేంజ్‌కు ఎలిమెంట్ ఇస్తే ఆఫ్‌సెట్ అంటే ఎన్నో పిల్ల నోడ్ అని అర్థం, టెక్స్ట్ నోడ్ ఇస్తే ఎన్నో క్యారెక్టర్ అని అర్థం. మనకు కావాల్సింది రెండోది.

ఇప్పుడు లెక్కపెట్టాలి. జావాస్క్రిప్ట్ యూటీఎఫ్-16 అనే ఎన్‌కోడింగ్ యూనిట్లలో లెక్కపెడుతుంది. 'నదిలో' అంటే కంటికి మూడు అక్షరాలు, కానీ లోపల న, ద, గుడి, ల, ఓత్వం, మొత్తం 5 యూనిట్లు. తర్వాత ఖాళీ ఒకటి. కాబట్టి 'నీళ్లు' 6 దగ్గర మొదలవుతుంది. దానిలో న, దీర్ఘం, ళ, పొల్లు, ల, కొమ్ము, అంటే 6 యూనిట్లు. ముగింపు 12. కంటికి రెండక్షరాలు, కంప్యూటర్‌కు ఆరు యూనిట్లు. ఈ తేడాను మనసులో ఉంచుకోండి, కాసేపట్లో మళ్లీ వస్తుంది.

న్యూ రేంజ్ అని ఒకటి సృష్టించి, సెట్‌స్టార్ట్‌కు ఆ టెక్స్ట్ నోడ్, 6 ఇవ్వండి. సెట్‌ఎండ్‌కు అదే నోడ్, 12 ఇవ్వండి. న్యూ హైలైట్ అని ఇంకొకటి సృష్టించి ఈ రేంజ్‌ను అందులో యాడ్ చేయండి. చివరగా సీఎస్‌ఎస్ డాట్ హైలైట్స్ డాట్ సెట్ పిలిచి, ఒక పేరు, ఈ హైలైట్ ఆబ్జెక్ట్ ఇవ్వండి. జావాస్క్రిప్ట్ వైపు పని ఇంతే.

హైలైట్ ఆబ్జెక్ట్ సెట్ లాగా నడుస్తుంది: యాడ్, డిలీట్, క్లియర్, హ్యాజ్, సైజ్ అన్నీ ఉంటాయి. సీఎస్‌ఎస్ డాట్ హైలైట్స్ అనే రిజిస్ట్రీ మ్యాప్ లాగా నడుస్తుంది: పేరు ఇస్తే హైలైట్ దొరుకుతుంది. రంగు తీసేయాలంటే రిజిస్ట్రీలో ఆ పేరును డిలీట్ చేయడమే. పేజీలో ఏ ఆనవాలూ మిగలదు, సర్దాల్సిందీ ఉండదు.

ఇక పేరు. స్టైల్‌షీట్ ఐడెంటిఫయర్లలో ఇంగ్లీషు అక్షరాలే ఉండాలన్న నియమం లేదు. 'వెతుకులాట' అని తెలుగులో పెట్టినా చక్కగా పనిచేస్తుంది. ఈ వ్యాసంలో ఆ పేరే వాడతాను.

3. స్టైల్ రాయండి, దాని హద్దులు తెలుసుకోండి

స్టైల్‌షీట్‌లో రెండు కోలన్లు, హైలైట్ అనే మాట, దాని పక్కన బ్రాకెట్లలో వెతుకులాట అని సెలెక్టర్ రాసి, లోపల బ్యాక్‌గ్రౌండ్-కలర్, కలర్ ఇవ్వండి. పేజీ రీలోడ్ చేస్తే 'నీళ్లు' మెరుస్తుంది.

ఇక్కడ పనిచేసే ప్రాపర్టీలు కొన్నే: అక్షరం రంగు, వెనక రంగు, టెక్స్ట్-డెకరేషన్ కుటుంబం, టెక్స్ట్-షాడో, అక్షరం లోపలి రంగూ గీత రంగూ మార్చే వెబ్‌కిట్ ప్రాపర్టీలు. ఫాంట్ సైజు, మందం, ప్యాడింగ్, బోర్డర్, గుండ్రటి మూలలు ఏవీ పనిచేయవు. బ్యాక్‌గ్రౌండ్-ఇమేజ్ కూడా అంతే. పేజీ అమరికను మార్చగలిగేది ఏదీ ఇక్కడికి రాకూడదన్నదే నియమం. అమరిక మారదు కాబట్టే బ్రౌజర్ పేజీని మళ్లీ కొలవదు, తిరిగి పెయింట్ చేస్తుంది, అంతే. ఈ వేగం కోసం గుండ్రటి మూలలు వదులుకోవచ్చని నా అభిప్రాయం. డిజైన్‌లో అవి తప్పదంటే మాత్రం ఈ పద్ధతి మీకు కాదు. ఫైర్‌ఫాక్స్ 140లో టెక్స్ట్-డెకరేషన్, టెక్స్ట్-షాడో లేకుండానే ఇది మొదలైంది. అందువల్ల అండర్‌లైన్ ఒక్కదాన్నే నమ్ముకుని డిజైన్ చేయకండి, వెనక రంగు తప్పకుండా ఇవ్వండి.

ఈ రూల్‌ను వేరే సెలెక్టర్లతో కామా పెట్టి కలపకండి. పాత బ్రౌజర్‌కు ఒక్క సెలెక్టర్ అర్థం కాకపోయినా ఆ వరుసలోని మొత్తం రూల్‌ను పక్కన పడేస్తుంది.

4. మాట ఎక్కడుందో కనుక్కోండి

సెర్చ్ అసలు కష్టం ఇక్కడుంది. మనకు ఒక స్ట్రింగ్‌లో 'ఇన్నో యూనిట్ నుంచి ఇన్నో యూనిట్ దాకా' అని జవాబు వస్తుంది. రేంజ్‌కు కావాల్సింది 'ఏ నోడ్, ఎన్నో ఆఫ్‌సెట్' అన్నది. ఈ రెంటి మధ్య వంతెన కట్టాలి.

ఒక్కో టెక్స్ట్ నోడ్‌లో విడివిడిగా వెతకడం సులభమే, కానీ 'సముద్రతీరం' అన్న మాటలో 'సముద్ర' స్ట్రాంగ్ ట్యాగ్‌లో ఉండి 'తీరం' బయట ఉంటే ఆ మాట ఎప్పటికీ దొరకదు. చదివేవాళ్లకు అది ఒకే మాట. కళ్లెదుట ఉన్న మాట లేదని సెర్చ్ చెబితే వాళ్లు దాన్ని మళ్లీ నమ్మరు. కాబట్టి నోడ్లన్నిటి పాఠాన్ని ఒకే పొడవాటి స్ట్రింగ్‌గా కలిపి, అందులో వెతకాలి.

డాక్యుమెంట్ డాట్ క్రియేట్‌ట్రీవాకర్‌కు మీరు వెతకాల్సిన భాగపు మూల ఎలిమెంట్, నోడ్‌ఫిల్టర్ డాట్ షో‌టెక్స్ట్ ఇవ్వండి. నెక్స్ట్‌నోడ్ పిలుస్తూ పోతే టెక్స్ట్ నోడ్లు పేజీలో ఉన్న వరుసలోనే వస్తాయి. స్క్రిప్ట్, స్టైల్, నోస్క్రిప్ట్ ట్యాగుల లోపలివి వదిలేయండి. కంటికి కనిపించని భాగాలూ వదిలేయాలి, లేకపోతే '12 ఫలితాలు' అని చూపించి తొమ్మిదింటికే రంగు పడుతుంది. పేరెంట్ ఎలిమెంట్ మీద చెక్‌విజిబిలిటీ అనే మెథడ్ పిలిస్తే అది డిస్‌ప్లే నన్ కింద దాగి ఉందో లేదో తెలిసిపోతుంది.

ప్రతి నోడ్‌కూ రెండు విషయాలు ఒక అర్రేలో రాసి పెట్టుకోండి: ఆ నోడ్, పెద్ద స్ట్రింగ్‌లో దాని పాఠం ఎక్కడ మొదలైందో ఆ సంఖ్య. 'సముద్ర' 6 యూనిట్లు, అది 0 దగ్గర మొదలు. 'తీరం' 4 యూనిట్లు, అది 6 దగ్గర మొదలు. మాట మొత్తం 0 నుంచి 10 దాకా దొరికింది. మొదలు 0 కాబట్టి మొదటి నోడ్, ఆఫ్‌సెట్ 0. ముగింపు 10 కాబట్టి రెండో నోడ్, ఆఫ్‌సెట్ 4. అర్రే సంఖ్యల వరుసలోనే ఉంటుంది కనుక బైనరీ సెర్చ్ చేయండి. వేల నోడ్లున్న పేజీలో ఆ తేడా చేతికి తెలుస్తుంది.

ముగింపు దగ్గర ఒక సూక్ష్మం ఉంది. ఒక మాట సరిగ్గా నోడ్ చివరనే ముగిస్తే, ముగింపు సంఖ్యా తర్వాతి నోడ్ మొదలు సంఖ్యా ఒకటే అవుతాయి. అప్పుడు రేంజ్ పక్క నోడ్‌లో సున్నా దగ్గర ముగుస్తుంది. రంగు సరిగానే పడుతుంది కానీ, తర్వాత ఆ ముగింపు నోడ్‌ను ఆధారం చేసుకుని ఏ పని చేసినా తప్పు ఎలిమెంట్ దొరుకుతుంది. అందుకే ముగింపు కోసం వెతికేటప్పుడు ఒకటి తగ్గించి, చివరి క్యారెక్టర్ ఏ నోడ్‌లో ఉందో చూసి, ఆఫ్‌సెట్‌కు ఒకటి కలపండి.

పేరా మారినప్పుడు పెద్ద స్ట్రింగ్‌లో ఒక న్యూలైన్ చొప్పించండి. లేకపోతే ఒక పేరా చివరి మాటా తర్వాతి పేరా మొదటి మాటా అతుక్కుని, లేని మాటలు దొరుకుతాయి. స్ట్రాంగ్, లింకు, స్పాన్ లాంటివి దాటినప్పుడు చొప్పించకండి. ఏది బ్లాక్, ఏది ఇన్‌లైన్ అన్నది ట్యాగ్ పేర్ల జాబితాతో చూడటం చాలామటుకు సరిపోతుంది. గెట్‌కంప్యూటెడ్‌స్టైల్ ఇంకా కచ్చితం, కాకపోతే నెమ్మది.

ఇంకొకటి ఖాళీల సంగతి. హెచ్‌టీఎంఎల్ ఫైల్‌లో వాక్యం మధ్య లైను విరిగి, తర్వాతి లైను ఎనిమిది ఖాళీలతో మొదలైతే, తెర మీద ఒక్క ఖాళీయే కనిపిస్తుంది. టెక్స్ట్ నోడ్‌లో మాత్రం తొమ్మిది క్యారెక్టర్లూ అలాగే ఉంటాయి. 'నీళ్లు నిండుగా' అని రెండు మాటలు వెతికితే దొరకదు. దీనికి మందు, వెతకడానికి వేరే స్ట్రింగ్ తయారు చేసుకోవడం. అందులో ఖాళీల గుంపు ఒక్క ఖాళీ అవుతుంది. ఆ కొత్త స్ట్రింగ్‌లోని ప్రతి యూనిట్ అసలు స్ట్రింగ్‌లో ఎక్కడిదో ఇంకో అర్రేలో రాసుకోవాలి. ఈ రెండో అర్రే ఇప్పుడు అదనపు భారం అనిపించవచ్చు, కానీ దాని విలువ తర్వాతి అడుగులో తెలుస్తుంది.

5. తెలుగు అక్షరాల లెక్క

ఇంగ్లీషు పేజీలతోనే పరీక్షించిన సెర్చ్ కోడ్ తెలుగు పేజీ మీద నడపగానే మూడు నాలుగు చోట్ల తప్పుతుంది. ఇవి చిన్నవి కావు. మన భాషలో చదివేవాళ్లు రోజూ ఎదుర్కొనేవి.

మొదటిది కంటికి కనిపించని క్యారెక్టర్. 'బ్రౌజర్‌లో' అని రాసేటప్పుడు ర కింద ల వత్తుగా దిగిపోకుండా పొల్లు తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే క్యారెక్టర్ పెడతాం, యూనికోడ్‌లో దాని సంఖ్య 200సీ. అది ఉంటే ఆ మాట 10 యూనిట్లు, లేకపోతే 9. వెతికేవాళ్లలో చాలామంది అది టైప్ చేయరు, కొన్ని కీబోర్డుల్లో అసలు దొరకదు. ఫలితంగా మాట ఉండీ దొరకదు. వెతికే స్ట్రింగ్‌లోంచీ, వాడేవాళ్లు టైప్ చేసిన మాటలోంచీ ఈ క్యారెక్టర్‌ను, దాని తోబుట్టువైన 200డీని తీసేయండి. స్థానాల అర్రే ముందే కట్టుకున్నాం కాబట్టి తీసేసినా అసలు ఆఫ్‌సెట్ పోదు.

రెండోది ఐత్వం. 'కై'లోని ఐత్వాన్ని ఒకే క్యారెక్టర్‌గా రాయవచ్చు, ఎత్వం పక్కన ఐత్వపు గుర్తు పెట్టి రెండుగానూ రాయవచ్చు. తెరమీద రెండూ ఒకటే. స్ట్రింగ్‌ల పోలికలో రెండూ వేరు. నార్మలైజ్ మెథడ్‌కు ఎన్‌ఎఫ్‌సీ అని ఇస్తే రెండూ ఒకే రూపానికి వస్తాయి. అయితే మొత్తం స్ట్రింగ్‌ను ఒకేసారి నార్మలైజ్ చేస్తే పొడవు మారి స్థానాలు జారిపోతాయి. ముక్కలు ముక్కలుగా, అక్షరం తర్వాత అక్షరంగా చేస్తూ స్థానం రాసుకుంటూ పోవాలి. టులోయర్‌కేస్ కూడా ఇంతే ప్రమాదం: టర్కిష్‌లో పైన చుక్క ఉండే పెద్ద ఐ అక్షరాన్ని చిన్నది చేస్తే ఒక యూనిట్ రెండవుతుంది, అక్కడినుంచి పేజీ చివరి దాకా ప్రతి రంగూ ఒక అక్షరం పక్కకు జరుగుతుంది.

మూడోది అక్షరం మధ్యలో తెగడం. ఎవరో 'నీళ' అని టైప్ చేశారనుకోండి. 'నీళ్లు'లో అది 0 నుంచి 3 దాకా దొరుకుతుంది. అంటే రంగు ళ దగ్గర ఆగాలి, కానీ ళ, దాని కింది ల వత్తు, కొమ్ము అన్నీ తెరమీద ఒకే అక్షరంగా అల్లుకుని ఉన్నాయి. బ్రౌజర్ ఆ అక్షరాన్ని నిలువునా కోసినట్టు సగానికి రంగు వేస్తుంది. చూడటానికి బాగుండదు, చదవడానికి అడ్డం కూడా.

దీనికోసం ఇంటిల్ డాట్ సెగ్మెంటర్ ఉంది, గ్రాఫీమ్ పద్ధతి ఇస్తే అక్షరాల హద్దులు చెబుతుంది. క్రోమ్‌లో 87 నుంచి, సఫారీలో 14.1 నుంచి, ఫైర్‌ఫాక్స్‌లో 2024 నాటి 125 నుంచి దొరుకుతుంది. కానీ సంయుక్తాక్షరాన్ని విడగొట్టకూడదన్న నియమం యూనికోడ్‌లోకి 15.1తో, 2023లో వచ్చింది. అంతకుముందు డేటాతో నడిచే బ్రౌజర్ 'ళ్లు'ను 'ళ్', 'లు' అని రెండు ముక్కలు చేస్తుంది. అందుకే నేను ముగింపును సొంతంగా ముందుకు నెడతాను. ముగింపు తర్వాతి క్యారెక్టర్ యూనికోడ్ మార్క్ వర్గానిదైతే, అంటే గుణింతపు గుర్తో పొల్లో సున్నో అయితే, ఒకటి ముందుకు. ముగింపుకు ముందున్నది పొల్లు అయి, తర్వాతది హల్లు అయితే, మళ్లీ ఒకటి ముందుకు. ఏ షరతూ వర్తించని చోట ఆగాలి. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌కు యూ ఫ్లాగ్ పెట్టి, యూనికోడ్ ప్రాపర్టీ ఎస్కేప్‌లో ఎం అక్షరం ఇస్తే ఆ మార్క్ వర్గం దొరుకుతుంది. ఈ లెక్కన 'నీళ' వెతికితే 'నీళ్లు' అంతా వెలుగుతుంది. వెతికేవాళ్లకు కావాల్సిందీ అదే.

నాలుగోది, పూర్తి మాటల్నే వెతకాలన్న ఆప్షన్. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లోని మాట హద్దు గుర్తు ఇంగ్లీషు అక్షరాలను, అంకెలను, అండర్‌స్కోర్‌ను మాత్రమే మాటలో భాగంగా ఎంచుతుంది. తెలుగు అక్షరాలు దాని దృష్టిలో మాటలే కావు. యూనికోడ్ లెటర్, మార్క్ వర్గాలతో ముందు వెనకలు చూసుకునే నియమం మీరే రాయాలి. నా సలహా అయితే తెలుగు పేజీలకు పూర్తి మాట ఆప్షన్ పెట్టకండి. 'చెట్టు' వెతికేవాళ్లకు 'చెట్టుకు', 'చెట్టుమీద' కూడా కావాలి. మాట మొదలు కలిస్తే చాలన్న నియమం మన భాషకు బాగా ఒప్పుతుంది.

6. ఇప్పుడున్న ఫలితాన్ని వేరుగా చూపండి

అన్ని ఫలితాలకూ లేత రంగు, ప్రస్తుతం నిలబడ్డదానికి ముదురు రంగు. దీనికి రెండు హైలైట్లు పెట్టుకోండి: 'వెతుకులాట'లో అన్నీ, 'ప్రస్తుతం'లో ఒక్కటే. ఒకే చోట రెండు పడ్డప్పుడు ప్రయారిటీ ప్రాపర్టీ ఎక్కువున్నది గెలుస్తుంది. మామూలుగా అందరికీ అది 0. 'ప్రస్తుతం'కు 1 ఇవ్వండి. ప్రయారిటీ సమానమైతే తర్వాత రిజిస్టర్ అయినది పైన ఉంటుంది, కానీ ఆ వరుసను నమ్ముకోవద్దు, రేపు ఎవరో కోడ్‌ను అటూఇటూ జరిపితే అది మారుతుంది. ఇక వాడేవాళ్లు మౌస్‌తో సెలెక్ట్ చేసుకున్న రంగు మన రంగులన్నిటికీ పైనే ఉంటుంది, అదే న్యాయం.

రేంజ్‌కు స్క్రోల్‌ఇంటూవ్యూ లేదు. స్టార్ట్‌కంటెయినర్ పేరెంట్ ఎలిమెంట్‌ను స్క్రోల్ చేయండి, బ్లాక్ సెంటర్ అని ఇవ్వండి. పేరా మరీ పొడవుగా ఉంటే ఇది తప్పు చోట నిలుస్తుంది. అప్పుడు రేంజ్ గెట్‌బౌండింగ్‌క్లయింట్‌రెక్ట్ తీసుకుని విండోను మీరే లెక్కకట్టి జరపాలి.

ప్రతి కీ నొక్కుడుకూ వెతకకండి, 150 మిల్లీసెకన్లు ఆగి వెతకండి. నోడ్ల అర్రేను కూడా ప్రతిసారీ కట్టక్కర్లేదు, పేజీ మారేదాకా అదే పనికొస్తుంది. వేల రేంజ్‌లున్న అర్రేను మూడు చుక్కలతో విప్పి హైలైట్ కన్‌స్ట్రక్టర్‌కు ఒకేసారి ఇవ్వకండి, ఆర్గ్యుమెంట్లు మరీ ఎక్కువైతే స్టాక్ నిండి ఎర్రర్ వస్తుంది. లూప్‌లో ఒక్కొక్కటిగా యాడ్ చేయండి.

7. పేజీ మారితే

మామూలు రేంజ్ సజీవంగా ఉంటుంది. దాని ముందు ఏదైనా మాట చేరితే ఆఫ్‌సెట్లు వాటంతటవే జరుగుతాయి. కానీ డామ్‌లో ప్రతి మార్పుకూ బ్రౌజర్ ఆ రేంజ్‌లన్నిటినీ సరిచూడాలి. వేలల్లో ఉంటే అది బరువే. స్టాటిక్‌రేంజ్‌కు ఆ బాధ్యత లేదు. మొదలు, ముగింపు నోడ్లూ ఆఫ్‌సెట్లూ నాలుగింటినీ ఒకే ఆబ్జెక్ట్‌గా ఇచ్చి సృష్టించాలి. తర్వాత పేజీ మారినా అది మారదు, చెల్లని స్థితికి వస్తే దాని రంగు పడదు. సెర్చ్ ఫలితాలకు స్టాటిక్‌రేంజ్ వాడటం, ఎడిటర్‌లో మనిషి టైప్ చేస్తుండగా నిలవాల్సిన గుర్తులకు మామూలు రేంజ్ వాడటం నా అలవాటు.

అయితే ఏ రేంజూ తట్టుకోలేనిది ఒకటుంది: నోడ్ మొత్తం మారిపోవడం. టెక్స్ట్‌కంటెంట్‌కు కొత్త పాఠం ఇస్తే పాత టెక్స్ట్ నోడ్ పోయి కొత్తది వస్తుంది, రంగు మాయమవుతుంది. కాబట్టి చెట్టులో మార్పులు గమనించే మ్యుటేషన్‌అబ్జర్వర్ పెట్టి చైల్డ్‌లిస్ట్, క్యారెక్టర్‌డేటా, సబ్‌ట్రీ మూడూ ఆన్ చేసి, మార్పు రాగానే అర్రే మళ్లీ కట్టి మళ్లీ వెతకండి. మార్క్ ట్యాగ్ రోజుల్లో ఇది సాధ్యపడేది కాదు: మనం ట్యాగ్ పెట్టడమే ఒక మార్పు, దానికి అబ్జర్వర్ మేల్కొంటుంది, మళ్లీ ట్యాగ్ పెడతాం, ఇక అంతు ఉండదు. హైలైట్ చెట్టును తాకదు కనుక అబ్జర్వర్‌కు తెలియనే తెలియదు. ఈ ఏపీఐలో నాకు అన్నిటికంటే నచ్చినది ఇదే.

8. రంగు మీద క్లిక్

హైలైట్ ఎలిమెంట్ కాదు, కాబట్టి దానికి క్లిక్ ఈవెంట్ ఉండదు. డాక్యుమెంట్ మీద క్లిక్ విని, క్యారెట్‌పొజిషన్‌ఫ్రమ్‌పాయింట్‌కు ఆ బిందువు ఇస్తే, అక్కడున్న నోడ్, ఆఫ్‌సెట్ వస్తాయి. ఒక్కో రేంజ్‌ను ఈజ్‌పాయింట్‌ఇన్‌రేంజ్ అని అడిగితే ఏ గుర్తు మీద నొక్కారో తెలుస్తుంది. ఈ మెథడ్ స్టాటిక్‌రేంజ్‌కు లేదు. లైను చివరి ఖాళీలో నొక్కినా దగ్గరి అక్షరాన్నే ఇది చూపిస్తుంది, అందుకని రేంజ్ గెట్‌క్లయింట్‌రెక్ట్స్ తీసుకుని బిందువు నిజంగా ఆ పెట్టెల్లో ఉందో లేదో చూడండి. క్యారెట్‌పొజిషన్‌ఫ్రమ్‌పాయింట్ లేని బ్రౌజర్‌లో క్యారెట్‌రేంజ్‌ఫ్రమ్‌పాయింట్ ఉందేమో చూసి వాడుకోండి.

9. చదివేవాళ్లు గీసిన గుర్తులు దాచడం

సెర్చ్ రంగు పోతే మళ్లీ వెతకవచ్చు. చదువుతూ మనిషి గీసుకున్న గుర్తు పోతే తిరిగి రాదు. ఇక్కడ ఎక్కువ జాగ్రత్త కావాలి.

గెట్‌సెలెక్షన్ నుంచి గెట్‌రేంజ్‌యాట్ 0 తీసుకుని, వెంటనే క్లోన్‌రేంజ్ చేయండి. సెలెక్షన్ తన రేంజ్‌ను తర్వాత మార్చేయగలదు. నోడ్ల దారిని, అంటే 'మూడో పేరాలో రెండో పిల్ల' అని దాచకండి. పేజీలో ఒక ప్రకటన పెట్టె చేరినా అది తప్పుతుంది. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం 2017 ఫిబ్రవరిలో వెబ్ యానొటేషన్ డేటా మోడల్‌ను సిఫార్సుగా ప్రకటించింది. అందులోని టెక్స్ట్‌కోట్‌సెలెక్టర్ పద్ధతి అనుసరించదగ్గది: గుర్తు పెట్టిన పాఠం, దాని ముందున్న కొంత పాఠం, తర్వాత ఉన్న కొంత పాఠం. ముందూ వెనకా 30 యూనిట్ల చొప్పున తీసుకుంటే సాధారణంగా సరిపోతుంది. వాటితోపాటు పెద్ద స్ట్రింగ్‌లోని స్థానం కూడా దాచండి.

తిరిగి తెరిచినప్పుడు ముందు ఆ స్థానంలో అదే పాఠం ఉందా చూడండి. ఉంటే పని అయిపోయింది. లేకపోతే పాఠం ఎక్కడెక్కడుందో వెతికి, ముందువెనకల పాఠం ఎక్కడ బాగా కలుస్తుందో అక్కడ రంగు వేయండి. ఎక్కడా దొరకకపోతే ఊహించి వేయకండి. 'ఈ గుర్తు పెట్టిన వాక్యం ఇప్పుడు పేజీలో లేదు' అని ఆ పాఠాన్ని పక్కన చూపించండి. వాళ్లు అంత ఇష్టపడి గీసుకున్న వాక్యం కనీసం వాళ్ల దగ్గరైనా మిగులుతుంది.

10. చూడలేనివాళ్లకు, తక్కువ చూపున్నవాళ్లకు

మార్క్ ట్యాగ్‌కు అర్థం ఉంది, హైలైట్‌కు రంగు మాత్రమే ఉంది. స్క్రీన్ రీడర్ దీన్ని చెబుతుందని నమ్ముకోవద్దు. ఫలితాల పెట్టె పక్కన ఆరియా-లైవ్ (మార్పును స్క్రీన్ రీడర్‌కు తెలిపే యాట్రిబ్యూట్) పొలైట్ అని పెట్టిన చోట '12లో 3వది' అని, ఆ మాట ఉన్న వాక్యంతో సహా రాయండి. అక్షరానికీ వెనక రంగుకూ మధ్య కాంట్రాస్ట్ కనీసం 4.5:1 ఉండాలి, ముదురు థీమ్‌లోనూ కొలవండి. వాడేవాళ్లు ఎంచుకున్న రంగులే పేజీకి పడే ఫోర్స్‌డ్-కలర్స్ మోడ్‌లో మీ రంగులకు బదులు మార్క్, మార్క్‌టెక్స్ట్ అనే సిస్టమ్ రంగులు ఇవ్వండి. సర్వర్ నుంచే సిద్ధమై వచ్చే ఫలితాల పేజీలో, తర్వాత మారనిచోట, మార్క్ ట్యాగే సరైనది. అక్కడ ఈ ఏపీఐ అవసరమే లేదు.

రంగు పడకపోతే

ఈ ఏపీఐ తప్పు చేసినా నోరు మెదపదు, కన్సోల్‌లో ఎర్రర్ రాదు. అందుకే ఈ వరుసలో చూడండి. రిజిస్ట్రీలోని పేరూ స్టైల్‌షీట్‌లోని పేరూ అక్షరం పొల్లుపోకుండా ఒకటేనా? ఇంగ్లీషు పేరైతే చిన్నక్షరం, పెద్దక్షరం తేడా కూడా లెక్కే. హైలైట్ సైజ్ ఎంత? రేంజ్ కొలాప్స్‌డ్ ట్రూ చూపిస్తోందా? స్టార్ట్‌కంటెయినర్ ఈజ్‌కనెక్టెడ్ ఫాల్స్ అయితే ఆ నోడ్ పేజీలోంచి పోయింది, మళ్లీ వెతకాలి. మీరు రంగు వేయాలనుకుంటున్నది ఇన్‌పుట్ పెట్టెలోనో టెక్స్ట్‌ఏరియాలోనో ఉందా? వాటి లోపలి పాఠం మనకు అందే టెక్స్ట్ నోడ్‌గా ఉండదు, అక్కడ ఇది కుదరదు, కంటెంట్‌ఎడిటబుల్ ఉన్న చోట కుదురుతుంది. ఐఫ్రేమ్‌లో ఉందా? ప్రతి డాక్యుమెంట్‌కూ వేరే రిజిస్ట్రీ, ఆ ఫ్రేమ్ విండోలోని సీఎస్‌ఎస్ ఆబ్జెక్ట్‌నే వాడాలి, స్టైల్ రూల్ కూడా ఆ ఫ్రేమ్‌లోనే ఉండాలి. షాడో రూట్ (మిగతా పేజీ నుంచి విడిగా ఉండే చెట్టు) లోపల ఉందా? ట్రీవాకర్ దానిలోకి దిగదు, ఒక్కో షాడో రూట్‌కూ విడిగా ఇంకో వాకర్ నడిపి, ఆ రూట్ లోపలి స్టైల్‌షీట్‌లో కూడా హైలైట్ రూల్ రాయండి.